ముందు బోర్డు ముఖ్యం అక్కా

(అక్క ఇంటి కింద, వీధిలోకి తెరుచుకునే గది. ఇదివరకు బావ సైకిల్ షాపు. తమ్ముడు టేపుతో గోడలు కొలుస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడింది.)

"అందుకే ముందు బోర్డు ముఖ్యం అక్కా. లోపలికి రావాలా వద్దా అన్నది మనిషి బోర్డు చూసే తేల్చుకుంటాడు."

"ఇంట్లో ఉప్పు అయిపోయినవాడు నీ బోర్డు చదువుకుంటూ నిలబడతాడేంట్రా?"

"నీకు అర్థం కాదులే. ఈ కొస పట్టుకో."

"ఏది?"

"టేపు. గోడకి ఆనించి పట్టుకో, వదలకు."

"కిందటేడూ కొలిచావు కదా ఈ గోడ. ఆ ముందేడూ కొలిచావు. పెరిగిందేమోనని అనుమానమా?"

"అప్పటి ప్లాను వేరు. అప్పుడు అరలు గోడ పొడుగునా అనుకున్నాను. ఇప్పుడు మధ్యలో పెడుతున్నా. జనం చుట్టూ తిరగాలి. తిరిగేకొద్దీ కొంటారు. పెద్ద షాపుల్లో పనిచేసినవాళ్ళకి తెలిసే విషయం ఇది."

"తిరగడానికి చోటేదిరా ఇక్కడ? మీ బావ రెండు సైకిళ్ళు పెడితే మూడోది వీధిలో ఉండేది."

"ఒక్కొక్కరే తిరుగుతారు."

"మిగతావాళ్ళు?"

"బయట లైన్లో ఉంటారు. లైను కనపడితేనే షాపుకి విలువ."

"పైవాటా టీచరమ్మ పొయ్యి మీద పెనం పెట్టేసి గుడ్ల కోసం పరిగెత్తుకొచ్చే మనిషి. ఆవిణ్ణి లైన్లో నిలబెట్టు, మేడ తగలబడుతుంది."

"గుడ్లు అసలు పెట్టను."

"ఏం?"

"పగులుతాయి, వాసనొస్తాయి. ఉల్లిపాయలూ పెట్టను, పొట్టు రాలుతుంది. విడి సరుకనేది ఉండదు. అన్నీ ప్యాకెట్లే. లేబుల్ ముందుకి తిరిగి, అన్నీ ఒకే వరసలో. ఎనిమిదేళ్ళు ఆ పనే చేశానక్కా. నేను సర్దిన వరస చూసి మేనేజర్ ఫోటో తీసుకున్నాడు."

"ఫోటో తీసుకుని నిన్ను పంపించేశాడు."

"అది వేరే సంగతి."

"ఏం వేరే? ఎవరో ఆవిడ డబ్బా తీసుకుంటే మీదపడి అరిచావటగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. అరిచావా లేదా?"

"ముందున్న డబ్బా తీసుకోవాలక్కా ఎవరైనా. ఆవిడ వెనకనుంచి లాగింది. వరసంతా కూలింది. పొద్దున్నించీ ఒళ్ళు వంచి సర్దిన వరస."

"కొనుక్కోడానికి వచ్చిందిరా ఆవిడ."

"కొనుక్కోడానికీ ఓ పద్ధతి ఉంటుంది. ఇక్కడ ఆ గొడవే రాకుండా ప్రతి అర ముందూ చిన్న చీటీ అంటిస్తాను, ముందున్నదే తీసుకోవలెను అని."

"బాగుంది. ఉత్త చేతుల్తో బయటికి పోవలెను అని ఇంకోటి అంటించు."

"నువ్వు వెటకారం చేస్తావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు నీకు."

"ఇన్నాళ్ళూ ఇంకేం చెప్పావురా నాకు? వచ్చినప్పుడల్లా ఇదేగా. ఓసారి గ్లాసు తలుపులన్నావు. ఓసారి సీలింగు నీలంగా ఉండాలన్నావు. చల్లగా కనిపిస్తుందట. ఆ నెలంతా నీలంలో రకాలు చూస్తూ కూర్చున్నావు. సరే, పక్కింటి దర్జీ ఉన్నాడు. సూదులో, అగ్గిపెట్టో, ఒక్క టీకి సరిపడా పంచదారో కావాలంటాడు. ఏం చెప్తావు?"

"కిలో ప్యాకెట్ ఉంటుంది, తీసుకోమంటాను."

"వద్దంటే?"

"అలాంటివాళ్ళ కోసం కాదు ఈ షాపు."

"ఈ వీధి నిండా ఉన్నది అలాంటివాళ్ళేరా. గిన్నె పొయ్యి మీద ఉండగా ఏది అయిపోతుందో దాని కోసం వీధిలో కొట్టు. నెల సరుక్కి వాళ్ళు నీ పెద్ద షాపులకే పోతారు."

"మెయిన్ రోడ్డు నుంచి కూడా వస్తారు నాకు."

"వస్తారు. దారి తప్పి."

"సరే, నవ్వు. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వు. ఒక్క మాట చెప్తాను విను. ఉద్యోగం పోయాక నాకు మిగిలింది ఈ ఆలోచన ఒక్కటే. పొద్దున లేవాలంటే ఇది ఉండాలి నాకు. ఈ గది ఇచ్చావంటే ఈసారి నిజంగా తెరుస్తాను. ఇవ్వనంటే, ఇంక నేను చేసేదేం లేదు. ఊరికే కూర్చుంటాను."

"ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నావు?"

"ప్లాను వేస్తున్నా."

"హుఁ."

"గోడలకి సున్నం వేయించావే. నా కోసమేనా?"

"కొలువు, కొలువు. పూర్తి చెయ్యి."

"ఈ కొక్కేలు ఎవరు కొట్టారు? వంకరగా ఉన్నాయి. పీకేయాలి."

"వాటి జోలికి పోకు. మీ ఆవిడేమంటుంది ఈ ప్లానుకి?"

"దానికేం తెలుసక్కా ఇవన్నీ? ఊఁ అంటుంది, ఊఁహూఁ అంటుంది. రోజంతా వంటింటి కిటికీ దగ్గరే దాని కాపురం. వీధిలో ఆడవాళ్ళంతా వెనక సందులోంచి వచ్చి కిటికీ అవతల చేరతారు. ఒకావిడ పోతే ఇంకో ఆవిడ. పిల్లలు కూడానూ. ఏం కబుర్లో ఏంటో, తెమలవు. ముందు గదిలో ప్లాను గీసుకుందామంటే ఆ గోలకి బుర్ర పనిచెయ్యదు."

"తలుపేసుకోలేకపోయావా?"

"వేసుకునే గీస్తున్నా."

"మరి నువ్వు గదిలో తలుపేసుకుంటే ఇల్లెలా గడుస్తోందిరా? నన్ను ఎప్పుడూ అడగలేదు నువ్వు. మీ ఆవిడా అడగలేదు."

"గడుస్తోంది ఏదోలా. పొదుపైన మనిషి, ఆ మాట ఒప్పుకుంటాను. కాకపోతే కూడబెట్టే పిచ్చి పట్టింది. మంచం కింద సబ్బుల పెట్టెలు. బీరువా మీద అగ్గిపెట్టెల కట్టలు. స్నానాల గదిలో ఉల్లిపాయల బస్తా అక్కా, నీళ్ళు పోసుకుంటుంటే కాలికి తగులుతుంది. ఇవన్నీ ఎందుకే అంటే చవగ్గా వచ్చాయి అంటుంది. ఇద్దరం మనుషులం. కొనడం ఎప్పుడూ తెలీదు దానికి."

"ఆ బస్తా అక్కడే ఉందా, అయిపోతుందా?"

"అయిపోతుంది. మళ్ళీ తెస్తుంది."

"ఎన్నాళ్ళకి?"

"ఏమో, వారానికో పది రోజులకో. ఎందుకలా చూస్తావు?"

"వారానికి బస్తా ఉల్లిపాయలు మీరిద్దరే తింటున్నారా?"

"వండేది అది. నేనేం చూస్తాను?"

"ఒరే, ఈ వీధిలో కొట్టు లేదు కదా. టీచరమ్మకి గుడ్లెక్కడ దొరుకుతున్నాయి మరి?"

"ఎక్కడ?"

"దర్జీకి పంచదార ఎవరు పొట్లం కట్టి ఇస్తున్నారు?"

"చెప్పు ఎవరో."

"నువ్వు తలుపేసుకున్నావే, ఆ తలుపుకి అవతల."

"అంటే, మా కిటికీ?"

"మీ కిటికీయే."

"కబుర్లు కాదా అవి?"

"కబుర్లు కూడా. ఊరికే పొట్లం చేతిలో పెట్టి పొమ్మంటే మళ్ళీ వస్తారా ఎవరైనా?"

"అదేం షాపక్కా? బోర్డు కూడా లేదు."

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"నీ మొదటి ప్లాను అప్పట్నుంచి. నీ ఉద్యోగం పోయిన నెలలోనే. నువ్వు తిన్న ప్రతి ముద్దా ఆ కిటికీలోంచి వచ్చిందే."

"నాకొక్క మాట చెప్పలేదు."

"చెప్పబోయింది. ప్లాను మధ్యలో మాట్లాడించకు అని కసిరావట. తర్వాత ఇంకోసారి చెప్పబోతే, అర ఎత్తు ఎంతుండాలో తేలే వరకూ నోరెత్తొద్దన్నావట. అది వచ్చి నాకు చెప్తుంటే సిగ్గుతో చచ్చిపోయాన్రా. నా వెంట తిరిగిన తమ్ముడివేనా నువ్వు అనిపించింది."

"వీధంతా తెలుసా?"

"నీకు తప్ప అందరికీ తెలుసు."

"నవ్వుకుంటున్నారా నన్ను చూసి?"

"మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు నువ్వెవరికీ గుర్తులేవు."

"టేపు వదిలెయ్."

"వదిలేశాను ఎప్పుడో."

"సరే. సరే అక్కా. పోనీ, మంచిదే అయింది ఒకందుకు. అంటే గిరాకీ ఉందన్నమాట. నేను చెప్తూనే ఉన్నాను ఈ వీధికి షాపు కావాలని. ఇప్పుడేం చేద్దామంటే, అది కిటికీ మూసేస్తుంది. వచ్చే జనం ఇక్కడికి వస్తారు. నేను చూసుకుంటాను. కావాలంటే ఉల్లిపాయలు కూడా పెడతాను ఓ మూల. గుడ్లు కూడా. నువ్వు ఆ తాళంచెవి ఇచ్చెయ్."

"నా దగ్గర లేదు."

"ఇందాక తలుపెలా తీశావు?"

"అడిగి తెచ్చాను. మళ్ళీ ఇచ్చెయ్యాలి."

"అడిగి తేవడమేంటి, నీ గదికి?"

"అద్దెకిచ్చేశాను. రేపు పొద్దున సామాను దిగుతుంది."

"ఎవరికిచ్చావు? నాకు కాకుండా ఎవరికిచ్చావు?"

"కిటికీ చాలడం లేదంది. సందులో వానొస్తే జనం తడుస్తున్నారంది. సున్నం తనే వేయించుకుంది. ఆ కొక్కేలు తనే కొట్టుకుంది, స్టూలెక్కి."

"నీ సొంత తమ్ముణ్ణక్కా నేను."

"అందుకే ఇన్నాళ్ళు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. అద్దెకి ఎంతమంది వచ్చి అడిగారో మీ బావని అడుగు. ఆయన మోకాళ్ళు పట్టేసి మంచంలో కూర్చున్నా నోరు తెరిచి ఒక్క మాటన్లేదు నిన్ను."

"మరి నా సంగతేంటి? నేనేం చెయ్యాలి ఇప్పుడు?"

"అది మాట్లాడ్డానికే నిన్న సాయంత్రం వచ్చింది నా దగ్గరికి. చాలాసేపు కూర్చుంది పాపం."

"ఏమంది?"

"బస్తాలు దించడానికి మనిషి కావాలి వదినా, ఆయన్ని పెట్టుకోనా వద్దా అని అడిగింది. నేనింకా ఏ మాటా చెప్పలేదు."