ముక్కులో రెండు సుక్కలు

గరివిడిలో జగన్నాధం ఇల్లు, మిట్టమధ్యాహ్నం. మరుపు జబ్బుతో ఉన్న భార్య జగ్గమ్మ లోపల గదిలో పడుకుంది. విశాఖలో మందుల మీద పరిశోధన చేస్తున్న కూతురు యమున పొద్దున్నే వచ్చింది. ఇప్పుడు ఫ్రిజ్జు తలుపు తీసి నిలబడింది.

“నేను తెచ్చి పెట్టిన డబ్బాలో రెండు సీసాలుండాల నాన్నా. ఒకటే ఉంది. నువ్వేమైనా తీసావా?”

“అన్నం తిన్నావేటమ్మా?”

“తిన్నాను. సీసా అడుగుతన్నాను.”

“ఏ సీసా?”

“వేలంత సీసా. రేపు శ్రీకాకుళం ల్యాబులో ఇవ్వాల. దారే కదా అని ఇటొచ్చాను.”

“ఈ ఇంట్లో మందులకేటి తక్కువ? మీ అమ్మకి పూటపూటకీ మింగిస్తన్నాను. ఒక్కటీ తలకెక్కట్నేదు.”

“ఎక్కవు నాన్నా. ఎన్నిసార్లు సెప్పాను? మెదడు చుట్టూ గోడలాంటిది ఉంటాది. రక్తంలో తిరిగే మందుని సాలామట్టుకు లోపలికి రానివ్వదు. అందుకే మేం ముక్కులోంచి పంపే దారి ఎతుకుతన్నాం.”

“నానూ అదే అంటన్నాను. దారి ఉన్నాది కదా.”

“ఎలకలకి ఉంది. మనుషులకి ఇంకా లేదు.”

“మరి నా బుజానికో? ఫేక్టరీలో ఫర్నేసుకాడ కాలిన మచ్చ గేదె తోలులాగ లేసిపోయి, ఒకటే దురద. మీ విశాఖలో మందు నింపిన ముళ్ల పట్టీ ఏసినారు. ఆ ముళ్లు కంటికే ఆన్నేదు, తోల్లోకి కరిగిపోనాయి. ఇదిగో, సెయ్యేసి సూడు. మెత్తబడినాదా నేదా?”

“మెత్తబడింది.”

“ఇంత మందం తోల్లోకే దిగిన మందు, ఎన్నపూసలాంటి మెదడులోకి దిగదేటి?”

“ఆ పట్టీ ముందు బోలెడుమందికి వేసి సూసి, ప్రభుత్వం సరేనన్నాక నీకు వేసారు. ఇది అలాంటిది కాదు. సీసా ఎక్కడ నాన్నా?”

“మీ అమ్మకి నాను నీళ్లు పోస్తంటే పరాయి మగోడనుకుని కేకలేస్తాది. పక్కింటోలు పరిగెత్తుకొస్తారు. నీకు తెలుసా ఆ సంగతి?”

“తెలుసు.”

“తెలిసి మరేటి సేస్తన్నావు? ఇంత సదువూ దేనికి?”

“అమ్మకోసమే ఈ పని ఎత్తుకున్నాను నాన్నా. మనుషులకి అందేసరికి ఏళ్లు పడతాది.”

“మీ అమ్మకి అన్నేళ్లున్నాయేటి?”





“సీసా ఎక్కడుందో సెప్పు నాన్నా.”

“పెరట్లో. కడిగి ఎండలో ఎట్టినాను.”

“కడిగీ? అందులోది ఏం సేసావు?”

“అరవకు. అది లెగుస్తాది.”

“నాన్నా!”

“ముక్కులో రెండు సుక్కలు. అటు రెండు, ఇటు రెండు. కాసేపు సూసి మల్లీ ఏసినాను.”

“అయ్యో! ఊపిరి బాగా తీస్తందా? రక్తం వచ్చిందా? వాంతి?”

“ఏటీ నేదు. ఓపాలి తుమ్మింది. నీళ్లు తాగి పడుకుంది.”

“మూత ఏ రంగు?”

“ఏ మూత?”

“సీసా మూత! బేగి సెప్పు.”

“తెలుపు.”

“నీలం కాదు కదా?”

“నీలంది నీ సేతిలోనే ఉన్నాది కదమ్మా.”

“...అవును. అవును. హమ్మయ్య.”

“హమ్మయ్య ఏటి?”

“ఏం లేదు. అమ్మకేం కాదు.”

“ఏం కాదంటావేటి? అయింది.”

“ఏమైంది?”

“పిలిసింది.”

“ఎవర్ని?”

“నన్నే. బావా అని.”

“...బావా అనా?”

“పెళ్లైన కొత్తలో అలగే పిలిసేది. నువ్వు పుట్టినాక మానేసింది. ఇయాల నాకేసి సూసి, బావా, అన్నం తిన్నావా అన్నాది.”

“నిజంగా?”

“నీ మీద ఒట్టు... ఒట్టెందుకులే. అన్నాది.”

“ఇలా కూర్చో నాన్నా. ఒక మాట సెప్పాల. తెల్ల మూత సీసాలో మందు లేదు.”

“నేదంటే?”

“ఉత్త జిగురు. మందుని మోసుకెళ్లే బండి అనుకో. నీలం మూతదాంట్లో బండి మీద సరుకుంటాది. తెల్లదాంట్లో ఉండదు. రెండిటికీ తేడా తెలియాలని అలా సేస్తాం.”

“ఖాళీ బండా?”

“ఖాళీ బండే.”

“అయితే... నాను ఏసింది...”

“నువ్వు వేసిందాంతో కాదు నాన్నా, అర్థమవుతందా? అమ్మే పిలిసింది! తనంతట తనే! పోయిందనుకున్నది లోపల ఎక్కడో ఉంది. లేపుదాం పద. నువ్వు ఎదురుగా కూర్చో, నేను ఫోన్లో తీస్తాను. డాక్టరుగారికి సూపిద్దాం.”

“లేపకు.”

“ఒక్కసారి. నన్నూ పిలుస్తాదేమో.”

“వద్దమ్మా.”

“ఎందుకొద్దు? నా పేరు అమ్మ నోట విని ఎన్నాళ్లైంది? అమ్మా! అమ్మా, లెగు, ఎవరొచ్చారో సూడు—”

“యమునా, ఆగు. పిలవనేదమ్మా. పిలిసిందని సెప్తే ఆ రెండో సీసా కూడా ఇస్తావనుకున్నాను.”