మళ్ళోసారి బావ బిగించని బోల్టులు

ఏంటమ్మాయ్, ఆ పాత యూబోల్టుల్ని కిరసనాయిల్లో నానబెట్టావు? మళ్ళీ వాడదామనే? వద్దు తల్లీ. బండి బరువు మోసే కమాన్లు కొత్తవి వేస్తూ, వాటిని ఇరుసుకి కట్టిపట్టే బోల్టులు పాతవి బిగిస్తే ఎలా? ఒకసారి సాగిన ఇనుము మళ్ళీ పట్టదు. ఈ ముక్క నాది కాదులే, మీ తాతది. మా బావది. నువ్వు చూళ్ళేదుగా ఆయన్ని, మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. మనిషి సన్నం, చేతులు మాత్రం పారల్లా ఉండేవి. పడవల్ని లాక్కెళ్ళే ట్రైలర్లు బాగుచేసేవాడు. ఊరంతా ఆయన్ని 'మళ్ళోసారి' అనేవాళ్ళు. ఎందుకంటే, ఏ నట్టు బిగించినా వెళ్ళి టీ తాగొచ్చి, "మళ్ళోసారి చూద్దాం రా" అని తిరిగి పానా వేసేవాడు. బండి ఇచ్చేశాక కూడా అంతే, "నాలుగు రోజులు తిప్పి తీసుకురా, మళ్ళోసారి బిగిస్తా." మా అక్క ఊరుకునేదా? మీ అమ్మమ్మ సంగతి నీకు తెలుసుగా. "పెళ్ళిచూపులకి కూడా మళ్ళోసారి వస్తానన్నాడు, అప్పుడే పారిపోవాల్సింది నేను" అనేది. ఆయన నవ్వితే చప్పుడుండేది కాదు. భుజాలు కదిలేవి, అంతే.

ఎక్కడున్నాను... ఆఁ, బోల్టులు. మా పెద్దమ్మాయి పుట్టి పది రోజులు అప్పటికి. నేను బావ దగ్గరే పని. చేపలు పట్టే అన్నదమ్ములిద్దరు ట్రైలర్ తీసుకొచ్చారు. ఉప్పునీళ్ళలో దింపీ దింపీ కమాన్లు పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి, వేలితో గీకితే తుప్పు రాలుతోంది. పిన్నులు దూర్చే కన్నాలు అరిగి గుడ్డు ఆకారంలోకొచ్చాయి. ఒకవైపు మారిస్తే చాలన్నారు వాళ్ళు. "ఒక కాలికి చెప్పేసుకుని నడుస్తావా?" అన్నాడు బావ. రెండువైపులా విప్పేశాం. కొత్త కమాన్లకి ఒక పట్టీ ఎక్కువ, అందుకని మందం. పాత యూబోల్టులు అందీ అందనట్టున్నాయి, నట్టు రెండు మరలకి మించి పట్టట్లేదు. "పొడుగువి తెస్తాను, నేనొచ్చేదాకా బండి కదలకూడదు" అని బావ పక్కూరికి బస్సెక్కాడు. అటు ఆయన వెళ్ళడం, ఇటు ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన రావడం. "చేప పడుతోందయ్యా! ఇవాళ పోతే మళ్ళీ ఎప్పుడో! బండి ఇచ్చెయ్, నీకు పుణ్యముంటుంది" అని ఒకటే గోల. నాకూ ఇంటికి పోవాలని ఉంది. పిల్లని చూడాలని ప్రాణం లాగేస్తోంది. పెద్దాయన టీకి వెళ్ళొచ్చేలోగా పాతవే తోమాను, నూనె రాశాను, ఒళ్ళంతా బరువేసి బిగించాను. "ఏం కాదులే, మెల్లగా పోనీ" అన్నాను. ఆ మాట నాదే తల్లీ. ఇంకెవరిదీ కాదు.

బావ మధ్యాహ్నానికి కాగితం పొట్లంతో దిగాడు. "బండేదిరా?" చెప్పాను. ఆ పొట్లం చంకలో పెట్టుకుని సైకిలెక్కాడు, నేను వెనకాల పరుగు. రేవు దగ్గర వాలు ఉంటుంది చూడు, అక్కడ జనం మూగున్నారు. కుడివైపు బోల్టు తెగింది. ఇరుసు వెనక్కి జారి, బండి పక్కకి ఒరిగి, పడవ కిందకొచ్చేసింది. తమ్ముడు పక్కనే తాడు పట్టుకుని నడుస్తున్నాడట. కాలు పడవ కింద. పాతికేళ్ళవాడు. మోకాలి కిందకి తీసేశారు తర్వాత. బావ చొక్కా విప్పి వాడి తొడకి బిగించి కడుతున్నాడు. "ఎవడ్రా బిగించింది? ఎవడు?" అని అన్న అరుస్తున్నాడు. నన్ను చూసే అరుస్తున్నాడు, నేనేగా ఇచ్చింది. బావ తలెత్తి, "వాడు పానా అందించాడంతే. పొద్దున బస్సెక్కే ముందు బిగించింది నేనే" అన్నాడు. నేను నోరు తెరవబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. చేతినిండా ఆ కుర్రాడి రక్తం. "ఇంటికి పో, పసిదాన్ని చూసుకో" అన్నాడు. పోయాను. పోయానమ్మా, ఏం చెప్పను.

ఆ తర్వాత షెడ్డుకి ఎవరూ రాలేదు. 'మళ్ళోసారి' అని పిలిచి నవ్వేవాళ్ళు, వేరే నవ్వు. బావ షెడ్డు మూసి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు ఎనిమిదేళ్ళు. ఆదివారం ఆదివారం ఆ కుర్రాడింటికెళ్ళి వలలు బాగుచేసిచ్చేవాడు. మొదట్లో మొహమ్మీద తలుపేశారు, తర్వాత వెయ్యడం మానేశారు. మా అక్క మాత్రం వదల్లేదు. "ఒక్కరోజు, ఒక్క పూట శ్రద్ధ పెట్టలేకపోయావు, ఒక కుర్రాడి బతుకు కుంటిదైంది" అని కంచం ముందు పెడుతూ అనేది. నేనూ అక్కడే కూర్చుని తింటున్నాను. ముద్ద మింగాను. బావ నావైపు చూసేవాడు కూడా కాదు, చూస్తే నేనెక్కడ ఏడుస్తానో అని. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడిగాను, "అక్కకి చెప్పేస్తాను బావా" అని. "ఇప్పుడు చెబితే ఆమె ఇన్నాళ్ళు అన్న మాటలన్నీ తిరిగి ఆమెకే తగుల్తాయిరా. నేను పోయాక మోయలేదు, వద్దు" అన్నాడు. అక్క ఆయన తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికింది. అదే నమ్మి పోయింది. మీ అమ్మ కూడా అంతేగా? నీ చిన్నప్పుడు నువ్వు బూటు లేసు సరిగ్గా కట్టుకోకపోతే, "అచ్చం మా నాన్న పోలిక, నిర్లక్ష్యం" అనేది. నేను విన్నాను. విని ఊరుకున్నాను.

అలా చూడకు. ఏదన్నా అను, పడతాను.

మీ అమ్మ రేపు ఇంట్లోనే ఉంటుందా? పొద్దున ఎన్నింటికి లేస్తుంది? లేదు, నువ్వు రావద్దు, నేనొక్కణ్ణే వెళ్ళి చెబుతాను... మబ్బు పట్టింది చూడు. ఆ పనిముట్లు లోపల పెట్టమ్మా, తడుస్తాయి.