బీడీ కార్ఖానాలో బొమ్మల కథలు

డిసెంబరు ఆఖరు రోజు. కరీంనగర్ బీడీ కార్ఖానాలో ముప్పైమంది ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. ఒకామె మాత్రం చుట్టదు, పుస్తకం చదివి వినిపిస్తుంది. ఆమె వంతు మిగతావాళ్లు చుట్టిపెడతారు. కార్ఖానా నడిపించే టేకేదారు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఈ ఏడు ఎన్ని సదివినవమ్మా?"

"పెద్ద పుస్తకాలు పదకొండు, బొమ్మల కథలు ఇరవై, సేటు."

"పెద్దయి సదువు, నేనద్దన్ననా? ఇనుకుంటనే చుడ్తరు. బొమ్మలయి బంద్ జెయ్యి."

"ఎందుకు?"

"నువ్వు బొమ్మ జూపెడ్తవ్. అందరు ఒళ్లున్న తంబాకు చాటలు కింద పెట్టి లేసొస్తరు. పనాగుతది."

"ఆగాలనే సూపెడ్త. పొద్దంత వంగి కూసుంటే నడుములు పడిపోయినయ్. ఏడాది మొత్తంల గా బొమ్మ జూసేటప్పుడే జర నిలబడ్డరు."

"గా మూలకు చుట్టే ముసలి ఐలవ్వకు కండ్లే కనవడయి. ఆమెందుకు లేస్తది?"

"ఆమె నడుముతోని సూస్తది."

"మజాక్ జేయకు."

"సరే, బంద్ జేస్త. గంటకోపారి అందర్ని లేవనిస్తవా?"

"గది రూల్ల లేదు."

"బొమ్మలు సూడద్దని రూల్ల ఉన్నదా?"

"...లేదు."

"అయితే రేపు కొత్తది మొదలువెడ్త."

"ఎన్ని పేజీలు?"

"తొంభై ఆరు. పేజీకి ఆరు బొమ్మలు."