గాజుపెట్టెలో చెక్క చీల

సభాధ్యక్షులైన మా మరిదిగారికి, పాస్టరుగారికి, నన్ను సాగనంపడానికి ఇంత ఉత్సాహంగా వచ్చిన పెద్దలకూ పిల్లలకూ నమస్కారం.

ఈ చెక్క చర్చి ఆలనాపాలనా చూసిన నన్ను ఇందాక అందరూ దీనికి మూలస్తంభం అన్నారు. స్తంభానికి పదవీ విరమణ ఇచ్చే ఊరు మనదొక్కటే. (నవ్వులు) నవ్వింది చాలు. వెనక వరసలో ఆ ఫోను లోపల పెట్టు నాయనా.

దీన్ని కట్టినవాళ్లు పడవలు చేసే వడ్రంగులు. వాళ్లకు చర్చి తెలియదు, పడవ తెలుసు; అందుకే పెద్ద పడవ ఒకటి చేసి, బోర్లించి, కింద గోడలు నిలబెట్టారు. తలెత్తి చూస్తే కనిపించేవి పడవ పక్కటెముకలే. ఇనుప మేకు ఒక్కటి లేదు, అన్నీ చెక్క చీలలే. ఒక రంధ్రానికి చెక్కిన చీల ఇంకోదానికి పట్టదు. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుపోతుంది. పాస్టరుగారి ప్రసంగాలు ఆ నెలల్లోనే ఎందుకు సాగుతాయో నేనడగను. (నవ్వులు)

చర్చి కమిటీ పెద్ద అయిన మా మరిదిగారికి ఇది పాతబడిందనిపించింది. "వదినా, కూల్చేసి కాంక్రీటుతో కట్టి, చెక్కలా కనిపించే రంగేద్దాం. ఎవడికి తెలుస్తుంది?" అన్నారు. "పైనున్నవాడికి తెలుస్తుంది" అన్నాను. ఆ తర్వాతి సమావేశంలోనే నా వయసు మీద కమిటీకి బెంగ పట్టుకుంది. నా మోకాళ్ల నొప్పులు నాకంటే ముందు వాళ్లకే తెలిశాయి. అందుకే ఈ సభ.

సరే, ఈ జ్ఞాపిక. గాజుపెట్టెలో పాత చీల, కింద 'చర్చి రక్షకురాలికి' అన్న అక్షరాలు. ముచ్చటగా ఉంది. ఎక్కడిది మరిదిగారూ?

("మన కప్పులోదే వదినా! పొద్దున్నే పీకించాను. అన్నిట్లో ఒకటి పోతే ఏమవుతుంది?")

ఉండండి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి. దీని తల మీద చిన్న పడవ చెక్కి ఉంది. అలాంటి చీల మొత్తం కప్పుకి ఒక్కటే. నడి దూలాన్ని పట్టుకున్నది. ఆ దూలం ఎక్కడుందంటారా? మీ కుర్చీకి సరిగ్గా పైన. అలా ఉలిక్కిపడి లేవకండి, మెల్లగా లేవండి. ఇంతసేపూ ఆగిందంటే అది దాని మర్యాద.

పొద్దున పీకింది నువ్వేగా వడ్రంగి మేస్త్రీ, నిచ్చెన తీసుకురా. గాజు నేను పగలగొడతాను, చీల నువ్వు బిగించు. అందాకా చర్చి తాళంచెవులు నా దగ్గరే. కూల్చే సంగతి తర్వాత ఆ దూలం కిందే కూర్చుని మాట్లాడుకుందాం. దాన్ని నమ్మినవాళ్లే రండి.

సత్కారానికి కృతజ్ఞతలు. సెలవు నేను తీసుకోవడం లేదు, మీకిస్తున్నాను. ముందు పిల్లలు, తర్వాత పెద్దలు, చివర కమిటీ. పదండి, సెలవు.