హాలులో మొదటి కార్యం

హాలు తాళంచెవి అడిగితే గట్ల మొఖం తిప్పుకుంటవేంది ఈశ్వరయ్య బాపూ? ఇస్తవా, ఇయ్యవా? గదొక్కటి చెప్పు. అంబులెన్సు రోడ్డు మీద నిలబడ్డది. లోపల మా ఆయన పీనుగై ఉన్నడు.

ఏడికి తీస్కపోవాలె? మా ఓనరు గేటుకు తాళమేసిండు. "కిరాయి ఇంట్లకు పీనుగను రానియ్యం, నీకెరుక లేదా నిర్మలా" అంటడు. ఎరుకనే! ఎరుక లేకనే గీ హాలు కోసం తిరిగిన్నా?

నువ్వు హాలు కమిటీ పెద్దవు, నువ్వే చెప్పు. ఎయిర్‌పోర్టుల ఊడ్చే డ్యూటీ దిగి, నేను షిఫ్టు బస్సుల కాడ చందా డబ్బా పట్టుకొని నిలబడలేదా? షాద్‌నగర్ దుకాణాల్ల చెయ్యి చాపలేదా? ఒకడిచ్చిండు, ఒకడు కసిరిండు. అప్పుడు అందరికీ నిర్మలమ్మనే. ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడ మల్లన్న!

అవు, నీకు పెండ్లిళ్లకనే చెప్పిన. కాదంటున్ననా? మనోళ్ల లగ్గాలకు మనదే హాలు ఉండాలె అన్న. మురిసిపోయి జాగ ఇప్పిచ్చినవ్. చావులకు అంటే ఇద్దువా? ఒక్క ఇటుక ఇద్దువా?

కిరాయికుండేటోళ్లకు ఇంకో తీరు చెప్పిన. రేపు మనకేమన్న అయితే రోడ్డు మీద పండుడు తప్పుతది, ఇయ్యుండ్రి అన్న. కూరగాయలమ్మే గౌసియక్క "మాది సుత కిరాయి ఇల్లే గద నిర్మలా" అని గల్లపెట్టెల ఉన్నదంత డబ్బాల పోసింది. రెండు నాల్కలతోటి లేపిన ఆ గోడలు. పాపమైతే నాకే తగలని.

నీ మనుమరాలి లగ్గం ఎల్లుండే అంటవ్. నాకెరుక లేదా? లగ్గానికని హాలు కడిగొచ్చిందే నేను! మొదలు శుభం జరగాలె, పీనుగ ఎక్కితే ఇగ ఎవ్వరూ గడప తొక్కరు అంటవ్. మరి మీ నాయన పోయిననాడు నడింట్లనే పండబెట్టిండ్రు గద? ఇల్లు ఇడిసిపెట్టి పోయిండ్రా? కడిగిండ్రు, సున్నమేసిండ్రు, ఆ ఇంట్లనే నీ బిడ్డ పెండ్లి చేసిండ్రు.

నేను కడుగుత బాపూ. నా బతుకంత కడుగుడే గద! అయ్యగారిని పిలిచి శుద్ధి చేపిస్త.

లోపలికి వద్దా... సరే, వరండల? గంట సేపే. మా అత్త మామిడిపల్లి నుంచి వస్తున్నది. కొడుకు మొఖం రోడ్డు మీద చూడాల్నా ఆ ముసల్ది? ఆయనకు తానం పోయద్దా? వచ్చే పోయే బండ్ల నడుమ, బట్టలిప్పి, నా మొగనికి నీళ్లెట్ల పోయాలె చెప్పు!

తాళంచెవి నీ నడుముకే ఉన్నది, కనపడుతనే ఉన్నది. గుంజుకుంటనని గట్టిగ పట్టుకున్నవా? గుంజుకోను. కాళ్లు పట్టుకుంట. ఇగో, పట్టుకున్న. బాపూ... జర రహం చెయ్యి.

ఓహో, కాళ్లు సుత ఎనకకు తీస్తివా?

మంచిది. డ్రైవరు హారన్ కొడుతున్నడు. నేరుగ కాటికే తీస్కపోత, ఆడ బోరింగు కాడ పోస్త నీళ్లు. ఇంటి మొఖం చూడకుండనే పోతడు, గంతే. ఏం చేస్తం?

మీ లగ్గం సల్లగ జరగని. పత్రిక మాత్రం నాకియ్యకు. హాలు లేపినదాన్నైతేంది, ఇయ్యాల్టి సంది ముండమోసినదాన్ని. ఆ గడప నేను తొక్కితే మీకే మంచిది గాదు.