మొగిలి సగంల లేచొచ్చిన గుర్రాల సినిమా

ఏందీ, నీకు అర్థమైతుందా తాతా అని అడుగుతున్నవా? ఆగు సంతోషీ, ఆ ఫోను జర గిట్ల తిప్పు, ఎండ పడి ఏం కనబడ్తలేదు. ఆఁ. గుర్రమున్నది, ఇసుకున్నది, తుపాకి పట్టుకున్నోడు మేకతోని ముచ్చట పెడ్తుండు. మీ కాలేజిల దీన్ని మూడుసార్లు చూసి రాసుకొని రమ్మన్నరా? మంచిగున్నది మీ సదువు. నవ్వకు బిడ్డా. నేను గిసొంటిది నలభై ఏండ్ల కిందనే చూసిన. గీ గోదావరిఖనిల్నే, కమ్యూనిటీ హాల్ల, ఇనుప కుర్చీల కూసోని. చూసిన అంటే సగమే చూసిన. సగంల మొగిలి లేచిండు, ఆయన ఎంబడి నేను లేచిన.

మొగిలి నీకు ఎరుకలేదు, నువ్వు పుట్టకముందే పాయె. మొగిలి, పోశం, ఈ మీ ఆగయ్య తాత, ముగ్గురిది ఒక్క బాయి, ఒక్క షిఫ్టు. క్వార్టర్లు గూడ పక్కపక్కనే. బొగ్గుబాయి అంటే మీరు ఇప్పుడు చూసే ఓపెన్ కాస్టు కాదు, అప్పుడు భూమిలకు దిగుడే. దిగేటప్పుడు మొగిలి పాట అందుకునేటోడు, పోశం తప్పు పాడి ఆయన్ను సతాయించెటోడు. ఒకనాడు నాకు జెరమొచ్చి డ్యూటీకి పోలే. ఆనాడే కప్పు కూలింది. ఎవరి తప్పని అనాలె? ఉన్నట్టుండి దిగింది. కూలిన బండలకు ఇవతల మొగిలి, అవతల పోశం. తెల్లారి మొగిలిని తీసిన్రు, కాలిరిగింది గని పానం దక్కింది. పోశం కాడికి పోయేటాల్లకు ఆయన లేడు.

మొగిలికి దవాఖానల కాలు అతికింది గని మాట అతకలే. నీళ్ళు తే, ఉప్పెయ్యి, గంతే. పండుకునుడు గూడ బందు వెట్టిండు. మంచం మీద గోడకానుకొని కూసునెటోడు, కన్నంటుకుంటే చాలు గిచ్చుకొని లేచెటోడు. ఆయన భార్య మల్లక్క నా కాడికొచ్చి ఏడ్చేది, "ఆగయ్యన్నా, ఈ మనిషి గిట్లనే ఉంటే నాకు దక్కడు" అని. ఇగ పోశం భార్య పూలమ్మ సంగతి. ఆమె ఒకసారి ఇంటికొచ్చి, "మొగిలన్నా, ఆఖరుకు ఆయన ఏమన్న అన్నడా?" అని అడిగింది. మొగిలి లేచి బైటికి పోయిండు. ఇంకోసారి అడిగింది, మళ్ళ గంతే. ఆమె అడుగుడు ఇడిసిపెట్టింది. ఇగ ఆమె బజార్ల కనబడ్తే ఈన సందు మార్చెటోడు. గట్ల ఏడాది గడిసింది.

ఇగ సినిమా. పట్టాభిరామయ్య సారని ఒక ఇంజినీరుండె, కృష్ణా జిల్లా దిక్కు మనిషి. పట్నం నుంచి డబ్బాలల్ల సినిమాలు తెప్పిచ్చి ఐతారం పగటిపూట ఊరికెనే చూపెట్టెటోడు. "ఆగయ్యా, ఈసారి తప్పకుండా రావాలోయ్, గుర్రాలూ తుపాకులూ ఉంటాయి, మనవాళ్ళందరినీ తీసుకురా" అన్నడు. తుపాకుల సినిమా అంటే ఎవరు ఊకుంటరు? హాలు నిండింది. మొగిలిని నేనే చెయ్యివట్టి గుంజుకపోయిన, జర మనసు మల్లుతదేమో అని. మొదలైంది. గుర్రం మీద ఒకడొస్తుండు. మంచిగనే ఉన్నది. గని వాని ఈపుకు ఒక తలుపు కట్టుకున్నడు! ఇంటి తలుపు బిడ్డా, గొళ్ళెంతోని సహా. ఎడారిల పోతడు, పొద్దుమీకితే ఆ తలుపును ఇసుకల నిలవెడ్తడు, గోడ లేదు, ఇల్లు లేదు, దాని ముంగట పండుకుంటడు. ఒక్క తుపాకి పేలలే. ఎనుక నుంచి మా బిక్షం ఒకటే లొల్లి, "సారూ, గీనె తలుపులు చేసే వడ్ల పనోడా ఏంది? ఫైటింగు ఎప్పుడు?" అని. జనం నవ్వుడు, సీటీలు కొట్టుడు, ఒక్కొక్కలు లేచి పోవుడు. పాపం సారు, "కూర్చోండయ్యా, ఇంకాసేపు చూడండి, దానంతటదే తెలుస్తుంది" అని బతిలాడుతనే ఉండె.

అప్పుడొచ్చింది ఆ సీను. గుర్రపోడు టోపీ మొఖం మీద వేసుకొని నిద్రపోతుండు. తలుపు అవతల నుంచి ఎవరో కొడుతున్నరు. టక్, టక్. ఈడు లేస్తలేడు. అవతల మనిషి కనబడడు, ఊకె కొట్టుడే. ఎంతసేపు చూపెట్టిండో ఏమో. అంతల్నే పక్కకు కుర్చీ ఎల్లెలుకల పడ్డది. మొగిలి నిలవడ్డడు. "లెవ్వురా! అరేయ్ లెవ్వు! పిలుస్తుండు, లెవ్వురా!" అని తెర మీదోన్ని చూసి ఒర్లుడు. ఏడాది సంది నోరు తెరవని మనిషి. హాలంత ఆయన దిక్కే తిరిగింది. బిక్షం గూడ లొల్లి బంజేసిండు. ఒర్లి ఒర్లి, కుంటుకుంట బైటికి నడిసిండు. నేను ఎంబడి వడ్డ. ఇంటికి పోతడనుకున్న, పోలే. సక్కగ పూలమ్మ ఇంటికి పోయిండు.

పూలమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతున్నది. ఈన ఆమె ముంగట కింద కూలవడ్డడు. "పూలమ్మా, బండలకు అవతల పోశం బతికే ఉండె. మొగిలీ, ఉన్నవా అని ఆయన పిలిస్తే ఉన్న అని నేను పలికిన. నేను పిలిస్తే ఆయన పలికిండు. పూటంత గట్లనే. ఆఖరుకు నాకు కన్నంటుకున్నది. నిద్రవోయిన పూలమ్మా. లేచి పిలిస్తే పలుకు లేదు. ఆయన నన్నెన్నిసార్లు పిలిచిండో" అన్నడు. అబ్బ, ఆమె చాట ఇసిరికొట్టింది చూడు, బియ్యమంత వాకిట్ల. "గీ మాట చెప్పనీకి ఏడాది కావాల్నా నీకు?" అన్నది. నేను బుగులువడ్డ. మళ్ళ ఆమెనే అడిగింది, "పూటంత ఏం మాట్లాడుకున్నరు?" అని. "మేకను అమ్మద్దన్నడు. పెద్దపిల్ల పలక వలిగిందంట, కొత్తది తేవాలె అన్నడు. పొద్దుగాల నువ్వు చింతచిగురు ఏరుతున్నవంట, పప్పుల ఏసిందో పచ్చడి నూరిందో, ఇంటికి పోయి చూడాలె అన్నడు" అని చెప్పిండు.

"పప్పుల ఏసిన" అన్నది పూలమ్మ. గంతే అన్నది, కొంగు నోట్లె కుక్కుకున్నది. తర్వాత మెల్లగ అన్నది, "మొగిలన్నా, నీకేమో ఆఖరుకు నువ్వు పలకలేదని బాధ. నాకేమో చీకట్ల ఒక్కడు ఎట్ల పోయిండో అని. ఏడాది సంది గదే ఫికర్. ఒక్కడు లేడు గద. మేక ముచ్చట, పలక ముచ్చట పెట్టుకుంట ఉన్నడు గద. పానమున్న మనిషికి నిద్ర రాదా అన్నా?" లోపటికి పోయి సాప తెచ్చి అరుగు మీద పరిచింది. "పండుకో" అన్నది. ఆయన చూస్తనే ఉన్నడు. "పండుకో అన్నా, నేనీడనే ఉంట" అని వాకిట్ల కూసోని బియ్యపు గింజలు ఏరుకునుడు వెట్టింది. మొగిలి ఒరిగిండు. ఒరుగుడే ఎరుక, తెల్లారి మొదటి షిఫ్టు సైరన్ అయితే గని లేవలే. నడుమ మల్లక్క ఉరికొచ్చింది, చూసింది, ఇంటికి పోయి దుప్పటి తెచ్చి కప్పింది. కాలనీల నలుగురు నాలుగు మాటలన్నరు. అననీ.

ఆ తర్వాత మొగిలి పంతొమ్మిదేండ్లు బతికిండు. పూలమ్మ పెద్దపిల్ల పెండ్లిల పెద్దమనిషి ఆయనే. ఐతారమైతే అందరికన్న ముందు సారు సినిమాకు పోయెటోడు, ముందు వరుసల కూసునెటోడు, పేర్లు పడంగనే గుర్రు వెట్టెటోడు. ఒకనాడు సారు పాపం ఆగలేక అడిగిండు, "ఏమయ్యా మొగిలీ, ఒక్కటీ చూడవు కదా, ఎందుకొస్తావోయ్?" అని. "ఈడ మంచిగ నిద్ర వడ్తది సారు" అన్నడు. సారుకు అప్పటికి సంగతంత ఎరుకే. పోయి సౌండు తగ్గిచ్చిండు.

మంచోడు సారు... మస్తు మంచోడు...

ఏందే, ఇంక అయిపోలేదా నీ సినిమా? ఇగ బంజెయ్యి బిడ్డా. ఫోను చెయ్యి వెట్టి చూడు, ఎట్ల కాలుతున్నదో.