రెండో చూపు లేనిదే సూది లేదు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జులై మూడవ తేదీ, సోమవారం నాడు, ఒక చేత నియామక పత్రమూ మరొక చేత నీళ్ళోడుతున్న గొడుగూ పట్టుకుని మా ఆసుపత్రి పురుషుల వార్డులో స్టాఫ్ నర్సుగా అడుగుపెట్టిన మా సహోద్యోగిని, ఈ నెలాఖరున మా నర్సింగ్ కళాశాల సీనియర్ ట్యూటరుగా పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయవలసిందిగా కళాశాల సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. శుభసందర్భమన్న మాట సంపాదకవర్గానిది. పక్క బల్ల ఖాళీ అయిపోతున్న మనిషిని నేను. ఇందులో శుభమేమిటో నాకు బోధపడలేదు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే కనుక రాస్తున్నాను.

విద్యార్థినులందరికీ వారు ‘రెండోసారి మేడమ్’. మందు సీసా చేతపట్టిన ఏ పిల్లనైనా “చూశావా? సరే, రెండోసారి చూడు” అనకుండా వదలని అలవాటు తెచ్చిపెట్టిన బిరుదది. ఆ బిరుదు తమకున్న సంగతి తెలియనట్టే ఇన్నేళ్ళూ హుందాగా నటించారు. వారి గుణగణాలను నిదానంగా వర్ణిస్తాను గాని, నా మనసులో ఉన్న బెంగ ఒక్కటే, అది ముందే చెప్పేస్తే నాకు తేలిక. వారికి మధుమేహం ఉంది. రోజూ పొద్దున ఇన్సులిన్ వేసుకోవాలి. ఇంట్లో ఒక్కరే ఉంటారు, చూపు మసకబారింది. ఒకటో తేదీ ఉదయం వారి సూదికి రెండో చూపు ఎవరు?

ఇక క్రమంలోకి వస్తాను. తొలి సంవత్సరాలు పురుషుల వార్డులోనూ, పిదప పసిపిల్లల వార్డులోనూ అంకితభావంతో సేవలందించి, ఉద్యోగం చేస్తూనే ఉన్నతవిద్యను పూర్తిచేసి, వారు కళాశాలకు బోధకురాలిగా వచ్చారు. పసిపిల్లల వార్డే తమను తయారుచేసిందని అనేవారు. పెద్దవాళ్ళు తట్టుకునే లేశమాత్రం తేడానైనా అరచేతిలో పట్టే బిడ్డ ఒళ్ళు తట్టుకోలేదు. అందుకని బిడ్డ బరువు తూచి, మోతాదు లెక్కగట్టి, మరొక నర్సు చేత విడిగా అదే లెక్క కట్టించి, రెండు జవాబులూ కలిసిన తరువాతనే మందు ముట్టుకునే పద్ధతి వారికి అక్కడే ఒంటబట్టింది. “నా జవాబు చూపించి ‘కరెక్టేనా?’ అంటే మొహమాటానికి ఎవరైనా కరెక్టే అంటారే. నాది దాచిపెట్టి అడగాలి. అదీ రెండో చూపంటే,” అని నాతో ఎన్నిసార్లన్నారో.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అన్న ఐదు సూత్రాలు ఏ పాఠ్యపుస్తకం తిరగేసినా కనబడతాయి. వారి తరగతిలో మాత్రం అవి వార్డు భాషలో వినబడేవి. “మీరు ఫలానా ఆవిడేనా అని అడక్కండి. జ్వరంలో ఉన్న మనిషిని మహారాణివా అన్నా ఊఁ అంటుంది. ‘మీ పేరేంటమ్మా?’ అనండి. ఆవిడ నోటితో చెప్పాలి, మీరు చేతి పట్టీతో సరిచూసుకోవాలి.” సీసాను అరలోంచి తీసేటప్పుడొకసారి, మందు పోసేటప్పుడొకసారి, తిరిగి పెట్టేటప్పుడొకసారి దాని మీద రాసింది చదవాలనీ, గుండె జబ్బుకిచ్చే డిజాక్సిన్ మాత్ర వేసే ముందు నిమిషం నిండా నాడి చూసి అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలనీ, నిదానంగా కరిగేలా చేసిన మాత్రను నూరి పెట్టకూడదనీ, పొటాషియం క్లోరైడును పలుచన చెయ్యకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోగలదనీ, ఇంకొకరు సిరంజిలో నింపిపెట్టిన మందు ఎంత దగ్గరి స్నేహితురాలిదైనా వెయ్యనే వెయ్యకూడదనీ వారు ఏటా చెబుతూ ఉంటే, పక్క గదిలో ఎముకల పాఠం చెప్పుకునే నాకు కూడా అంతా బట్టీ వచ్చేసింది.

ఒకసారి మొదటి సంవత్సరం పిల్ల ఒకతె, రోగి కునుకుతున్నాడు కదా అని, మాత్రల గిన్నె మంచం పక్క స్టూలు మీద పెట్టి, ఇచ్చేసినట్టు రాసేసి వచ్చింది. మేడమ్ ఆ పిల్లను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్ళారు. ఎందుకో నన్నూ రమ్మన్నారు. ఆ తాతగారిని ఆప్యాయంగా పలకరించి, దిండు సర్దుతున్నట్టుగా పైకెత్తారు. దాని కింద రంగురంగుల మాత్రలు!

“ఇవేంటి తాతగారూ?”

“చేదమ్మా. తర్వాత వేసుకుందామని.”

“తర్వాతంటే ఎప్పుడు? మునిమనవడి పెళ్ళికా?”

వార్డంతా నవ్వింది. తాతగారూ బోసినోటితో నవ్వారు. వరండాలోకి వచ్చాక మాత్రం మేడమ్ మొహంలో నవ్వు లేదు. “చేతిలో పెట్టి రావడం కాదమ్మా మందివ్వడమంటే. మింగేదాకా నువ్వక్కడే ఉండాలి. ఇచ్చానని రాశావుగా, అది నమ్మి, ఇంత ఇచ్చినా తగ్గలేదే అని డాక్టరు మోతాదు పెంచితే? ఆ పెంచిన రోజే తాతగారు బుద్ధిగా మింగితే?” ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. మేడమ్ తమ కొంగుతోనే కళ్ళు తుడిచి, టీ తాగించి పంపారు. ఆ పిల్ల ఇప్పుడు మన కళాశాలలోనే ట్యూటరు. ఈ వాక్యం చదివి ఎవరివైపు చూడాలో మీకందరికీ తెలుసు.

ఉప ప్రధానాచార్య పదవి వెతుక్కుంటూ వచ్చినా, ఆ గదిలో మందుల అలమరా లేదన్న నెపంతో సున్నితంగా తిరస్కరించి, వారు మా ఇరుకు గదిలోనే ఉండిపోయారు. ఆ గదిలో ఇన్నాళ్ళూ మేం ముగ్గురం. వారు, నేను, నా పాఠాలకు పనికొచ్చే అస్థిపంజరం. వచ్చే నెల నుంచి ఇద్దరం మిగులుతాం. రెండోవారు మాటకారి కాదు.

వారు వివాహం చేసుకోలేదు. ఎందుకని అడిగినవారికి “తీరిక లేక” అని చెప్పి నోరు మూయించేవారు. ఒక పక్క వీధిలో, మేడ మీద వాటాలో, అమ్మగారితో ఉండేవారు. వారికి షుగరు బయటపడిన నాటినుంచీ ఇంట్లో రెండో చూపు అమ్మగారిదే. కూతురు సిరంజిలో మందు లాగి “రెండో చూపు!” అని కేకేసేది. తల్లి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సోడాబుడ్డి కళ్ళద్దాలు సవరించుకుని, కిటికీ వెలుగులో పట్టి చూసి, “గీత మీదే ఉందిలేవే, కానీ” అనేది. ఆ మాట పడితే తప్ప కూతురు సూది గుచ్చుకునేది కాదు. ఒక చలికాలంలో ఆ తల్లి కాలం చేసింది. కళ్ళద్దాలు వంటింటి అలమరాలో చక్కెర డబ్బా పక్కనే ఉండిపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నేను చూశాను.

అది మొదలు మేడమ్ ఊడ్చేవాళ్ళకంటే ముందే కళాశాలకు రావడం ప్రారంభించారు. అదంతా కర్తవ్యదీక్ష అని మేమందరం అనుకున్నాం. ప్రధానాచార్యులవారు ఒక సమావేశంలో ఆదర్శంగా తీసుకోమని మాకు చీవాట్లు కూడా పెట్టారు. నేను గదిలోకి వెళ్ళేసరికి వారు సిరంజి పట్టుకుని కూర్చుని ఉండేవారు. “రా రా, రెండో చూపు” అనేవారు. నేను చూసి “గీత మీదే ఉందక్కా” అనేదాన్ని. అప్పుడు వేసుకుని, కాసేపాగి, తెచ్చుకున్న డబ్బా విప్పి ఫలహారం చేసేవారు. ఆదివారాల్లో ఏం చేస్తారని అడిగితే ఒకసారి చెప్పారు. మందు లాగి ఒకసారి చూసి, సిరంజి బల్ల మీద పెట్టి, వీధి గదిలోకి వెళ్ళి, పరాయి మనిషిలా మళ్ళీ లోపలికి వచ్చి రెండోసారి చూసేవారట! చెబుతూ వారే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సోమవారాల్లో వారి గొంతు బొంగురుగా ఉండేది. జలుబనుకునేదాన్ని. ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడకపోతే గొంతు అలాగే అవుతుందట.

గత వేసవి సెలవుల్లో ఒక ఉదయం మా ఇంటి తలుపు చప్పుడైంది. మావారు రైలు నడిపే మనిషి, ఇంట్లో తక్కువ, బండి మీద ఎక్కువ. ఆయనేనేమో అనుకుని తీశాను. ఎదురుగా మేడమ్. చంకలో ఫ్లాస్కు, చేతిలో గుడ్డలో చుట్టిన డబ్బా. మొహమంతా చెమట. ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చారు.

“ఏమిటక్కా ఇది! ఫోన్ చేస్తే నేను రానా?”

“ఫోన్‌లో గీత కనబడుతుందా నీకు? ముందిది చూడు.”

డబ్బాలో మందు నింపి మూత పెట్టిన సిరంజి, ఫ్లాస్కులో చల్లగా సీసా. సిరంజి చూశాను. అలవాటైన గీత మీదే ఉంది. “సరిగ్గానే ఉందక్కా” అనబోయి, జవాబు దాచిపెట్టి అడగాలన్న వారి మాటే గుర్తొచ్చి, సీసా కూడా తీసి చదివాను. దాని మీద వంద అని ఉంది. వారు ఎప్పుడూ వాడేది మిల్లీలీటరుకు నలభై యూనిట్ల మందుండే నలభై బలం సీసా, దానికి తగిన ఎర్రమూత సిరంజి. మామూలుగా కొనే దుకాణం మూసి ఉంటే మరో దుకాణంలో వంద బలం సీసా ఇచ్చారు. సిరంజి మాత్రం ఇంట్లో ఉన్న పాత ఎర్రమూతదే. ఆ సీసాలోంచి ఆ సిరంజిలోకి అదే గీత దాకా లాగితే, ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర రెట్లు. నలభై సీసాకు నలభై సిరంజి, వంద సీసాకు వంద సిరంజి అని ఇన్ని తరగతులకు గొంతు చించుకుని చెప్పిన మనిషి! సీసా మీది అంకె వారి కంటికి ఆనలేదు. మధుమేహం కంటి వెనక పొరను తినేసింది, పోయిన చూపు తిరిగిరాదని డాక్టరు చెప్పిన సంగతి ఆ రోజే బయటపెట్టారు.

నేను సిరంజి పక్కన పడేసి, కేకలు మొదలుపెట్టాను. “వేసుకుని ఉంటే? ఎవరూ లేని ఇంట్లో పడిపోయి ఉంటే? నాకెప్పుడు తెలిసేది, సెలవులయ్యాకనా?”

“వేసుకోలేదు కదే. ఎందుకరుస్తావ్?” అని కుర్చీలో చతికిలబడి చెప్పారు. “మందు లాగి, అలవాటు కొద్దీ ‘రెండో చూపు!’ అని కేకేశాను. అరిచాక గుర్తొచ్చింది, అమ్మ లేదుగా అని. అయినా ఎందుకో కాసేపు అలాగే నించున్నా.”

“ఎవరు పలుకుతారని?”

“ఫ్రిజ్జు పలికింది. గుర్రుమని.” నవ్వబోయి, నవ్వలేక, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. “రెండో చూపు లేనిదే సూది లేదని పిల్లలకి చెప్పి నేనే తప్పితే ఎలా? అందుకే బస్సెక్కా.”

ఆ రోజు సరైన సిరంజి తెప్పించి నేనే వేసి, ఎదురుగా కూర్చుని అన్నం తినిపించాను. అమ్మ పోయాక వారికి ఇంకొకరు వడ్డించడం అదే మొదటిసారని అన్నప్పుడు, నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగినట్టు చప్పుడు చేశాను.

తిప్పితే మోతాదు తనే కొలిచే ఇన్సులిన్ పెన్ను కొనుక్కోవచ్చు కదా అని మీరంటారని తెలుసు. నేనూ అన్నాను. వారి జవాబు ఇది. “కొంటాలేవే. అది టిక్కు టిక్కుమని లెక్క చెబుతుంది. ‘అదేంటక్కా, ఇవాళ మొహం వాడిపోయింది’ అంటుందా?” వేరే ఊళ్ళో ఉండే వారి తమ్ముడుగారు తమ ఇంటికి వచ్చేయమని మనస్ఫూర్తిగా పిలిచారు. ఈ సంచిక వారూ చదువుతారు కనుక చెబుతున్నాను, మీ పిలుపును మీ అక్కగారు తేలిగ్గా తీసుకోలేదు. అమ్మ ఉన్న ఇల్లు వదల్లేకపోతున్నారు, అంతే. ఆదివారాలు మా ఇంటికి రమ్మంటే రెండు వారాలు వచ్చి మానేశారు. మావారు ఇంట్లో ఉండేది ఆ ఒక్క రోజేనట, తాము అడ్డమట! మొన్న బల్ల సొరుగు ఖాళీ చేస్తూ, నావైపు తిరగకుండానే అన్నారు. “ఇన్నాళ్ళూ సెలవులంటేనే భయం. ఇప్పుడిక అన్నీ సెలవులే.”

సంప్రదాయం ప్రకారం ఇక్కడ నేను వారికి ఆయురారోగ్యాలు ఆకాంక్షించాలి. ఆకాంక్షిస్తున్నాను. అయితే ఇన్నేళ్ళు వారి పక్క బల్ల మీద కూర్చున్నదాన్ని, మాత్ర స్టూలు మీద పెట్టి వచ్చేసినట్టు ఆశీస్సులు కాగితం మీద పెట్టి వెళ్ళిపోవడం నాకు చేతకాదు.

అక్కా, ఇక ఇది మీకే. మా ఇంటి నుంచి కళాశాలకు వచ్చే దారిలో మీ వీధి లేదు. చుట్టు తిరిగి వస్తే ఉంది. నేను చుట్టు తిరిగే వస్తాను, ఫలహారం డబ్బా కూడా మీ ఇంట్లోనే విప్పుతాను. ఆదివారాల సంగతి మావారితో మాట్లాడాను. అడ్డమన్న మాట ఇంకోసారి వినబడితే తనే వచ్చి బండిలో ఎక్కించుకుపోతానన్నారు. నాకు ఒంట్లో బాగోని రోజున, దిండు కింద మాత్రలు చూసి ఏడ్చిన మీ శిష్యురాలు వస్తానంది, వంతు ఇప్పించమని నాతో పోట్లాడింది కూడా. మీరు నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా, నవ్వుతూ, మమ్మల్ని రెండోసారి చూడమని సతాయిస్తూ చల్లగా ఉండాలి. ఒకటో తేదీ పొద్దున మందు లాగి, ఎప్పటిలాగే గట్టిగా కేకెయ్యండి. తలుపవతల మెట్ల మీదే ఉంటాను. ఫ్రిజ్జు కంటే ముందు నేను పలుకుతాను.